సొట్టలకు ఉప్పు కాగితం మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

పాత తుపాకీ కర్రను ఇంట్లోనే బాగుచేసుకోవడంపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. తుపాకీ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, కర్రను ఇనుము నుంచి విడదీశాకే పని మొదలుపెట్టాలని చెప్పడం బాగుంది. 'సొట్టలు పోయేదాకా ఉప్పు కాగితంతో రుద్దండి' అన్న మాటకే ప్రాణం ఉసూరుమంది.

మా నాన్న రైఫిల్ కర్రను నేను అలాగే పాడుచేశాను. మంచి వాల్‌నట్ కర్ర. ఒక్క గీత కూడా మిగలకూడదని రెండు రోజులు రుద్దాను. తయారైన నాడు కొట్టిన ముద్ర చెరిగిపోయింది. కర్ర అరిగి, ఇనుము కంటే కిందికి దిగిపోయింది. ఇప్పటికీ కర్ర మడమ మీద, అంటే భుజానికి ఆనే చివర మీద, వేలు పోనిస్తే ఇనుప పలక అంచు గోరుకు తగులుతుంది.

సొట్ట పడినచోట కర్ర ఎక్కడికీ పోదు, నొక్కుకుపోతుంది, అంతే. పాత వార్నిష్ తీసేసి, సొట్ట మీద తడిగుడ్డ వేసి, వేడి ఇస్త్రీ పెట్టె మొనను క్షణంసేపు ఆనించండి. ఆవిరి దిగి, నలిగిన పోగులు ఉబ్బి పైకి లేస్తాయి. నాలుగైదుసార్లు చేయాల్సి రావచ్చు. పోగులు తెగినచోట మాత్రం లేవవు. ఆ మచ్చను ఉండనివ్వండి. కర్ర బాగా ఆరాక 320 నంబరు కాగితంతో, చారల వెంబడే, తేలిగ్గా రుద్దితే చాలు. ముద్రల జోలికి, పట్టు కోసం చెక్కిన గళ్ల జోలికి కాగితం పోకూడదు. గళ్లలోని మురికికి పాత పళ్ల బ్రష్షు చాలు.

అవిసె నూనె పలచగా పట్టించి, పావుగంటయ్యాక మిగులంతా తుడిచేసి, పూర్తిగా ఆరాకే మరో పూత వేయాలి. గొట్టం కూర్చునే లోపలి గాడికీ నూనె పట్టించాలి. అక్కడ పచ్చి కర్ర చెమ్మ పీల్చి ఉబ్బితే గొట్టాన్ని ఒత్తుతుంది, గురి మారిపోతుంది.

వ్యాసంలో అసలే లేని సంగతి ఇంకొకటి ఉంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే, ఆరే క్రమంలో వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నిప్పురవ్వ అక్కర్లేదు. వాటిని ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టాలి. మిగతా ఉత్తరానికి చోటు లేకపోయినా ఈ నాలుగు వాక్యాలు తప్పక ప్రచురించండి. ఆ వ్యాసం చదివి ఈపాటికే ఎవరో ఒకరు నూనె డబ్బా మూత తీసి ఉంటారు.

— ఒక పాఠకుడు