తల్లిదండ్రులకు లేఖ: ట్రాము అడ్డం వచ్చినంతసేపు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

తొమ్మిదో తరగతికి నాజీజం పాఠం జరిగిన మర్నాడు ఒక తండ్రిగారు ఫోన్ చేశారు. "మా పాప రాత్రంతా నిద్రపోలేదండీ. పసిపిల్లల్ని గోనెసంచుల్లో దాచారటగా, పుస్తకంలో లేనివి ఇప్పుడెందుకు మేడం?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. సోషల్ మాస్టారు సెలవు పెడితే ఆ పీరియడ్ నేనే తీసుకున్నాను, కాబట్టి జవాబు చెప్పాల్సిందీ నేనే. క్లాసులో ఏం చెప్పానో మీ అందరికీ రాస్తున్నాను.

1940 మే నెలలో జర్మనీ ఐదు రోజుల్లో నెదర్లాండ్స్‌ను లొంగదీసుకుంది. అప్పటికి అక్కడ సుమారు 1,40,000 మంది యూదులుండేవారు. 1942 వేసవి నుంచి వాళ్లను రైళ్లలో మరణ శిబిరాలకు తరలించడం మొదలైంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో పట్టుబడినవాళ్లను ముందుగా ఒక నాటకశాలలో కుక్కేవారు. చిన్నపిల్లలను మాత్రం రోడ్డుకు అవతల ఉన్న, పసిపిల్లల్ని చూసుకునే క్రెష్‌లో ఉంచేవారు. ఆ క్రెష్‌ను ఆనుకునే ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఉంది. దాని బాధ్యత చూస్తున్న యోహాన్ వాన్ హుల్స్ట్‌కు 1943లో ముప్ఫై రెండేళ్లు. రెండు పెరళ్లకూ మధ్య అడ్డం ఒక పొదల కంచె.

క్రెష్ నడిపే హెన్రియెట్ పిమెంటెల్ యూదురాలు. నాటకశాలలో పేర్ల లెక్కలు చూసే వాల్టర్ సుస్కింద్ కూడా యూదుడే. ఆయన చీటీల్లోంచి పిల్లల పేర్లు మాయం చేసేవాడు. ఆయాలు కంచె మీదుగా పిల్లలను అందిస్తే కళాశాలలో దాచేవారు. తర్వాత విద్యార్థులు వచ్చి బుట్టల్లో, సంచుల్లో పెట్టుకుని తీసుకెళ్లేవారు. ఒక్కోసారి వీధి గుమ్మంలోంచే వెళ్లేవారు. ఎదురుగా జర్మన్ కాపలా ఉండేది, మధ్యలో ట్రాము దారి. ట్రాము అడ్డం వచ్చినంతసేపే వాళ్లకు వ్యవధి. అలా సుమారు 600 మంది పిల్లలు బయటపడ్డారు.

నన్ను అన్నిటికన్నా పట్టుకున్నది వేరే సంగతి. బిడ్డను తీసుకెళ్లే ముందు తల్లిదండ్రులను అడిగేవారు. (పిక్నిక్ అనుమతి చీటీ మీద సంతకానికే మీలో కొందరు వారం తీసుకుంటారు, తప్పు పట్టడం లేదు.) ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతికి బిడ్డను ఇవ్వాలి, ఎక్కడికి తీసుకెళ్తారో అడగకూడదు. కొందరు ఇచ్చారు. కొందరు మాతోనే ఉండనీయండన్నారు. "వాళ్లది తప్పా మేడం?" అని ఒకమ్మాయి అడిగింది. నేను తప్పనలేకపోయాను.

దాక్కోవడాన్ని డచ్చివాళ్లు, అంటే నెదర్లాండ్స్ ప్రజలు, నీళ్లలో మునగడం అనే మాటతో చెప్పేవారు. మునిగిన మనిషికి రేషన్ కార్డు ఉండదు. ఆ అదనపు కంచంలోకి అన్నం ఎక్కడిది? అందుకే ప్రతిఘటన దళాలు రేషన్ కార్యాలయాల మీద దాడి చేసి కార్డులు ఎత్తుకెళ్లేవి. డ్రెంతె ప్రాంతంలోని న్యూలాండె అనే పల్లెలో అయితే ఇంటింటా ఎవరో ఒకరిని దాచుకున్నారు.

ఇవి విని డచ్చివాళ్లంతా ఇంతే మంచివాళ్లని పిల్లలు అనుకుంటే అది అబద్ధమవుతుంది. పట్టించినవాళ్లూ ఉన్నారు. యూదులను వెతికి పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న ఒక డచ్చి ముఠాకు తలకు ఏడున్నర గిల్డర్లు (అప్పటి డచ్చి డబ్బు) ముట్టేవి. ఎక్కువ మంది తమ పని తాము చూసుకున్నారు. ఆ దేశపు యూదుల్లో నాలుగింట మూడు వంతుల మంది తిరిగి రాలేదు. పిమెంటెల్, సుస్కింద్ కూడా రాలేదు.

1943 సెప్టెంబరు చివర్లో క్రెష్‌ను ఖాళీ చేయిస్తున్నారని వాన్ హుల్స్ట్‌కు తెలిసింది. అప్పటికి లోపల ఇంచుమించు వంద మంది పిల్లలున్నారు. అందరినీ తీసుకెళ్లే వీలు లేదు. పన్నెండు మందిని తీసుకుని బయటికొచ్చాడు. 2018లో, 107 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఎంతమందిని కాపాడావని ఎవరైనా మెచ్చుకుంటే, పదమూడో బిడ్డను ఎందుకు తేలేదన్న మాటే ఆయన నోట వచ్చేది.

ఫోన్ చేసిన తండ్రిగారికి ఒక మాట. మీ పాప నిన్న నా గదికి వచ్చింది. ఆ కళాశాల ఇప్పుడు ఏమైందని అడిగింది. అందులో 2024 మార్చిలో జాతీయ హోలోకాస్ట్ (యూదుల సామూహిక సంహారం) మ్యూజియం తెరిచారని చెప్పాను. ఎదురుగా నాటకశాల ముందు గోడ ఇంకా నిలిచే ఉందని, మధ్యలో ట్రాము ఇప్పటికీ తిరుగుతోందని కూడా చెప్పాను. శనివారం పేరెంట్స్ మీటింగ్ పదిన్నరకు. మీరు ఒక్క పావుగంట ముందు రండి, కూర్చుని మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయిని