35 దాటిన తల్లికి నర్సింగ్ సీటు లేదంటే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ మీ పేపర్లో పిల్లల కోసం ఏ కోర్సులో చేరాలి, ఏది చదివితే ఏ ఉద్యోగం వస్తది అని పేజీలకి పేజీలు వేస్తారు, బాగుంటాయి, నేను మా పెద్దోడి కోసం కట్ చేసి దాచుతుంటాను కూడా. కానీ పెళ్ళయి పిల్లలు పుట్టాక మళ్ళీ చదువుకుందామనుకునే ఆడవాళ్ళకి ఆ పేజీల్లో ఒక్క ముక్క ఉండదు. మా పలాస, సోంపేట, మందస వైపు అలాంటోళ్ళు చాలామంది ఉన్నాం. మగవాళ్ళు చెన్నైకో హైదరాబాద్‌కో పనికి పోతారు, ఇక్కడ ఆడవాళ్ళు జీడి ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ పిల్లల్ని చూసుకుంటారు, పిల్లలు కాస్త బడికి అలవాటు పడ్డాక నాకూ ఏదైనా చదువుంటే బాగుణ్ణు అనిపిస్తది. అప్పుడు మాకు మొదట గుర్తొచ్చేది హెల్త్ లైనే.

ఎందుకో ఉద్దానం సంగతి తెలిసినోళ్ళకి చెప్పక్కర్లేదు. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా కిడ్నీ జబ్బు లేని వీధి దొరకడం కష్టం. కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ ఎంతొచ్చిందో చదవడం, బీపీ మిషన్ పెట్టడం, డయాలసిస్‌కి తీసుకెళ్ళి నాలుగు గంటలు బయట కూర్చోవడం, ఏది తినొచ్చు ఏది తినకూడదు చూసుకోవడం, ఇవన్నీ మా ఇళ్ళల్లో కోడళ్ళు ఎవరూ నేర్పకుండానే చేస్తున్నారు. మా అత్త డయాలసిస్ మీద ఉంది. సెంటర్‌కి వెళ్ళినప్పుడల్లా అక్కడి టెక్నీషియన్ అమ్మాయి సూది పెట్టే పద్ధతి, మిషన్ మోగితే బేగి వచ్చి చూడడం గమనిస్తుంటాను, ఇది నేనూ చేయగలను అనిపించింది. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్ మొదలయ్యాయి. అదే ఏడాది విజయనగరంలో గవర్నమెంట్ మెడికల్ కాలేజీ వచ్చింది, శ్రీకాకుళంలో ముందునుంచే ఉంది. పెద్ద పెద్ద బిల్డింగులు వచ్చాయి సరే, అందులో పనిచేసే నర్సులు, టెక్నీషియన్లు మా ఊళ్ళనుంచే ఎందుకు రాకూడదు అన్నది నా ప్రశ్న. ఇక్కడి మనిషైతే ట్రాన్స్‌ఫర్ కోసం చూడకుండా ఇక్కడే ఉంటది, పేషెంట్ మాట్లాడే మాట అర్థమవుతుంది.

నాకు 34 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. బైపీసీ మధ్యలో ఉండగా పెళ్ళి చేసేశారు, తర్వాత ఓపెన్ స్కూల్లో కట్టి ఇంటర్ పాసయ్యాను. ఓపెన్ స్కూల్ ఇంటర్ నర్సింగ్‌కి చెల్లదని మా వైపు చాలామంది భయపెడతారు, అది నిజం కాదు, రాష్ట్ర ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్ అయినా కేంద్రం నడిపే ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్ అయినా నర్సింగ్ కౌన్సిల్ ఒప్పుకుంటుంది. ఓపెన్ స్కూల్లో పై వయసు పట్టింపు కూడా లేదు, యాభై ఏళ్ళ ఆవిడైనా పరీక్ష రాయొచ్చు. అంతదాకా తలుపులు తీసే ఉంటాయి.

అక్కడినుంచే అసలు సమస్య. నర్సు అవ్వడానికి చదివే డిప్లొమా జీఎన్‌ఎం, దాని సీటుకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూల్ ప్రకారం వయసు 17 నుంచి 35 లోపు ఉండాలి. ఊళ్ళల్లో తల్లీపిల్లల ఆరోగ్యం చూసే ఏఎన్‌ఎం కోర్సుకీ 35 గీతే. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడండి. 2005లో ఆశా కార్యకర్తల పథకం పెట్టినప్పుడు ప్రభుత్వమే ఏం చెప్పింది, ఆ ఊళ్ళోనే ఉండే ఆవిడై ఉండాలి, పెళ్ళయినావిడో భర్త లేనావిడో అయ్యుండాలి, వయసు 25 నుంచి 45 మధ్య ఉంటే మంచిది అని. అంటే కాన్పుకి తోడెళ్ళడానికి, టీకాలకి పిల్లల్ని పోగేయడానికి, టీబీ మందులు మింగించడానికి 40 ఏళ్ళ తల్లి సరిపోతుంది. గ్రామీణ యువతకి ట్రైనింగ్ ఇచ్చే కేంద్ర పథకం డీడీయూజీకేవైలో మామూలుగా 35 ఏళ్ళు అన్నా ఆడవాళ్ళకి 45 దాకా సడలించారు. వైద్య శాఖ పోస్టుల నోటిఫికేషన్లు చూస్తే 42 ఏళ్ళు, ఎస్సీ ఎస్టీ బీసీలకి ఇంకో 5 ఏళ్ళు కలుపుతున్నారు. ఉద్యోగంలో చేరడానికి 42 ఏళ్ళ మనిషి పనికొస్తే ఆ ఉద్యోగానికి కావాల్సిన చదువులో చేరడానికి 36 ఏళ్ళ మనిషి ఎందుకు పనికిరాదు? పైగా ఇప్పటికే ఏఎన్‌ఎం అయినవాళ్ళు జీఎన్‌ఎంలో చేరాలంటే వయసు అడ్డం లేదు, ఆ రూల్‌లోనే మినహాయింపు రాసి ఉంది. వాళ్ళకి ఇచ్చినట్టే ఏళ్ళ తరబడి ఊళ్ళో పనిచేసిన ఆశాలకి, మధ్యలో చదువు ఆగిపోయిన తల్లులకి కూడా ఇవ్వొచ్చు కదా. పిల్లల్ని కన్నది ఇరవైల్లో, పెంచింది ముప్పైల్లో, మరి మేము చదువుకోవడానికి ఏ వయసు మిగిలింది?

ఇక ఏ కోర్సు ఎంచుకోవాలి అన్నది. దీని గురించి నాలాంటోళ్ళకి ఎవరూ సరిగ్గా చెప్పరు, అందుకే నేను కనుక్కున్నది కొంచెం వివరంగా రాస్తున్నాను, విసుక్కోకండి.

చాలామంది ఫీజు ఎంత, జీతం ఎంత అని రెండే అడుగుతారు. తల్లి అయినావిడ ముందు అడగాల్సింది డ్యూటీ టైమింగులు, హాస్టల్ గురించి. జీఎన్‌ఎం మూడేళ్ళు, అందులో చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. ఏ గ్రూపు చదివినా చేరొచ్చు, 40 శాతం మార్కులు, ఇంగ్లీష్ పాసై ఉండాలి. కోర్సు మంచిది, రిజిస్టర్డ్ నర్స్ అవుతాం, ఆ తర్వాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ కూడా చేయొచ్చు. కానీ చాలా కాలేజీల్లో అమ్మాయిలు హాస్టల్లో ఉండి తీరాలంటారు, వార్డు పోస్టింగుల్లో నైట్ డ్యూటీలు ఉంటాయి, పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు మీడియంలో చదివి పదేళ్ళు పుస్తకం ముట్టని మనిషికి అనాటమీ ఇంగ్లీషులో చదవడం మొదటి ఏడాది చాలా కష్టం, అయినా కష్టపడితే వస్తుంది. చంటిపిల్లని వదిలి హాస్టల్లో ఉండడం మాత్రం ఎంత కష్టపడినా కుదరదు. ఇంట్లో అమ్మో అత్తో ఆరోగ్యంగా ఉండి పిల్లల్ని పూర్తిగా చూసుకుంటాం అంటేనే జీఎన్‌ఎం వైపు చూడమని నా సలహా. లేకపోతే సగంలో మానేసి ఫీజు పోగొట్టుకున్నోళ్ళు మా మండలంలోనే ఉన్నారు.

ఏఎన్‌ఎం రెండేళ్ళు. పని ఊళ్ళోనే, సబ్ సెంటర్ అనే చిన్న ఆరోగ్య కేంద్రం పరిధిలో. మైదాన ప్రాంతంలో 5000 జనాభాకి ఒక సబ్ సెంటర్, సీతంపేట, పార్వతీపురం లాంటి కొండ ప్రాంతాల్లో 3000కి ఒకటి అని లెక్క. 2019లో సచివాలయాలు వచ్చినప్పుడు ఏఎన్‌ఎం పోస్టులు ఒక్కసారిగా చాలా వేశారు, అది చూసి అందరూ ఇందులో చేరారు, అలాంటి నోటిఫికేషన్ ప్రతి ఏడాదీ రాదు కదా, అది కూడా మనసులో పెట్టుకోవాలి. ఇంకో సంగతి, ఇంటర్ ఒకేషనల్‌లో మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ చదివినవాళ్ళు ఆ రెండేళ్ళతో అయిపోయిందనుకుంటారు. గవర్నమెంట్ ఆసుపత్రిలో ఏడాది క్లినికల్ ట్రైనింగ్ చేసి, కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకుంటేనే పోస్టుకి అర్హత. ఇది తెలియక ఊరికే ఇంట్లో కూర్చున్న అమ్మాయిలు ఎంతమందో.

నర్సింగ్ కాకుండా టెక్నీషియన్ డిప్లొమాలు ఉన్నాయి, ల్యాబ్, డయాలసిస్, ఎక్స్‌రే, ఆపరేషన్ థియేటర్, ఇలాంటివి పారామెడికల్ బోర్డు కింద రెండేళ్ళ కోర్సులు. బైపీసీ వాళ్ళకి ముందు అవకాశం. నాలాంటి దానికి ఇవే నప్పుతాయని నాకు గట్టిగా అనిపిస్తోంది. ల్యాబ్‌లో పని ఎక్కువగా పగలే, పొద్దున్నే బ్లడ్ తీసుకోవడం, మధ్యాహ్నానికి రిపోర్టులు. డయాలసిస్ సెంటర్లో షిఫ్టులు తెల్లారగట్లే మొదలవుతాయి కానీ ఇంత సేపు అని తెలిసి ఉంటది. ఫార్మసీ డిప్లొమా కూడా రెండేళ్ళు, మీద 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్, బైపీసీ అయినా ఎంపీసీ అయినా చేరొచ్చు. మెడికల్ షాపు లైసెన్స్ కావాలంటే రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ ఉండాల్సిందే కాబట్టి సొంత షాపు పెట్టుకునే స్తోమత ఉన్న ఇంట్లో ఇది చాలా మంచి దారి, ఇంటికి ఆనుకునే పని.

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఆరు నెలల నర్సింగ్ కోర్సులు. మా తోటికోడలు మాకు దగ్గర్లోని ఒక టౌన్లో ఇలాంటి చోటే చేరింది. పుస్తెల తాడు తాకట్టు పెట్టి ఫీజు కట్టింది, జాబ్ గ్యారంటీ అన్నారు, తెల్ల డ్రెస్ కుట్టించారు, చివర్లో ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. దాని మీద నర్సింగ్ కౌన్సిల్ పేరు లేదు, పారామెడికల్ బోర్డు పేరూ లేదు. ఇప్పుడు ఒక క్లినిక్‌లో ఆయా జీతానికే పనిచేస్తోంది, అయినా ఇంజెక్షన్లు ఆమెతోనే వేయిస్తున్నారు. రేపు ఏదైనా తేడా జరిగితే ఎవరి మెడకి చుట్టుకుంటుందో ఆలోచిస్తేనే భయమేస్తుంది. ఆసుపత్రిలో పేషెంట్ కేర్ అసిస్టెంట్ పని తక్కువదని నేను అనడం లేదు, మంచం పట్టిన మనిషిని శుభ్రం చేసి తిప్పి పడుకోబెట్టడం ఎంత పెద్ద పనో మా అత్తని చూసుకున్నదాన్ని నాకు తెలుసు. ఆ ట్రైనింగ్‌ని ఆ పేరుతోనే చెప్పి ఇవ్వండి, నర్సింగ్ అని చెప్పి తల్లుల దగ్గర డబ్బు లాగకండి. చేరే ముందు ఒక్క మాట అడగమ్మా అని నేను అందరికీ చెప్తున్నాను, ఈ కోర్సు అయ్యాక ఏ కౌన్సిల్‌లో, ఏ బోర్డులో నా పేరు ఎక్కుతుంది అని. దానికి సూటిగా జవాబు రాకపోతే బ్యాగు సర్దుకుని వచ్చేయండి.

చదువుకి చేరాక కూడా చేయాల్సినవి ఉన్నాయి. బస్సు బాధ కొంత తీరింది, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ అయ్యాయి కాబట్టి పలాస నుంచి శ్రీకాకుళం పోయి రావడానికి ఇప్పుడు ఖర్చు లేదు, చాలా సంతోషం. కానీ పిల్లల్ని ఎక్కడ వదలాలి? అంగన్‌వాడీ సాయంత్రానికి మూసేస్తారు, మధ్యాహ్నం షిఫ్టు పోస్టింగ్ రాత్రి దాకా ఉంటది. 2017లో చట్టం మార్చి 50 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలన్నారు. అది ఉద్యోగులకి. అదే ఆసుపత్రిలో అదే వార్డులో పోస్టింగ్ చేసే స్టూడెంట్ తల్లికి ఆ చట్టంలో చోటు లేదు. జిల్లా ఆసుపత్రుల్లో ఒక గది, ఇద్దరు ఆయాలు, రాత్రి షిఫ్టు అయ్యేదాకా తెరిచి ఉంటే చాలు, స్టాఫ్ నర్సులకి కూడా పనికొస్తుంది. చంటిపిల్లలున్న స్టూడెంట్లకి మొదటి ఏడాది నైట్ పోస్టింగ్ వెనక్కి జరిపినా ఎవరికీ నష్టం లేదు, మొత్తం గంటలు తగ్గించమని అడగడం లేదు, తర్వాత చేస్తాం అంటున్నాం. రక్తంతో పనిచేసే కోర్సుల్లో చేరిన రోజే హెపటైటిస్ బి టీకా వేయించాలి, మూడు డోసులు పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది, అది కాలేజీలే చూసుకోవాలి. ఇంట్లో చిన్నపిల్లలున్న మనిషికి ఇది చాలా ముఖ్యం.

వయసు సంగతి మన జిల్లా అధికారుల చేతిలో లేదని తెలుసు, అది ఢిల్లీలో మార్చాలి. మన ఎంపీలు, ఎమ్మెల్యేలు ఉద్దానం గురించి చాలాసార్లు మాట్లాడారు, ఈ 35 ఏళ్ళ గీత గురించి కూడా ఒకసారి గట్టిగా అడగాలని వేడుకుంటున్నాను. నేనైతే ఈసారి డయాలసిస్ టెక్నీషియన్ డిప్లొమాకి అప్లై చేస్తున్నాను. నాకంటే రెండేళ్ళు పెద్దదైన మా ఆశా కార్యకర్త అప్ప మాత్రం నర్సే అవ్వాలని పట్టుబట్టి ఉంది, ఆవిడకి ఏ కోర్సు చెప్పాలో నాకు తెలియడం లేదు.

మీ పేపర్‌కి ఒక మనవి. అడ్మిషన్లు మొదలయ్యే ముందు శ్రీకాకుళం, విజయనగరం, మన్యం జిల్లాల్లో నర్సింగ్ కౌన్సిల్, పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉన్న కాలేజీల పేర్లు, సీట్లు, హాస్టల్ తప్పనిసరా కాదా అన్నది జిల్లా ఎడిషన్లో వేయండి, ఆదివారం వేస్తే ఇంకా మంచిది, ఆ రోజు ఫ్యాక్టరీ సెలవు కాబట్టి చదివే తీరిక ఉంటది.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
పలాస మండలం, శ్రీకాకుళం జిల్లా