స్నేప్ ఒక్కడే కాదు

సంపాదకులకు,

బ్రిటిష్ నటుడు అలన్ రిక్‌మన్ ప్రస్తావన వస్తే చాలు, అందరూ 'హ్యారీ పాటర్' సినిమాల్లో ఆయన వేసిన నల్ల అంగీ మాస్టారు స్నేప్ దగ్గరే ఆగిపోతున్నారు. గ్రాఫిక్ డిజైనర్‌గా లండన్‌లో బతుకు కుదురుకున్నాక అదంతా వదిలేసి, 26వ ఏట నటన నేర్చుకోవడానికి అక్కడి పేరున్న నాటక శిక్షణ సంస్థ రాడాలో చేరిన మనిషి ఆయన. తరవాత ఏళ్ల తరబడి నాటకాలే. 1985లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ నాటకంలో వాల్మాంట్ పాత్ర పేరు తెచ్చింది. తొలి సినిమా 'డై హార్డ్' 1988లో. అప్పటికి నలభై దాటాయి! అందులో పైనుంచి పడిపోయే దృశ్యం మళ్లీ చూడండి. ఆ కళ్లలోని బెదురు నటన కాదు, ఒకటి, రెండు, మూడు అని చెప్పిన లెక్క పూర్తికాకముందే ఆయన్ని కిందికి వదిలేశారట. 2016 జనవరి 14న కన్నుమూసేదాకా ఒక్కసారీ ఆస్కార్ నామినేషన్ దక్కలేదు. విడ్డూరం కాకపోతే ఏమిటి?

– ఒక పాఠకుడు, విజయవాడ