ఈ-20 పెట్రోలు: పాత బండ్లలో పాడయ్యేది ఎక్కడ?

సంపాదకులు గారికి, నమస్కారం.

ఈ-20 (20 శాతం ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిపిన పెట్రోలు) పోస్తే పాత బండి ఇంజిన్ పోతుందని కొందరు, ఏమీ కాదని ఇంకొందరు వాదించుకుంటున్నారు. ఇద్దరి చూపూ ఇంజిన్ మీదే ఉంది. కాస్ట్ ఐరన్ బుల్లెట్ బోరునూ (పిస్టన్ ఆడే గొట్టం) పిస్టన్‌నూ ఇథనాల్ నేరుగా ఏమీ చేయదు. దెబ్బ తగిలేది ట్యాంకుకూ ఇంజిన్‌కూ మధ్యనున్న జానెడు దారిలో. కాక్ (ట్యాంకు కింది కుళాయి), ట్యూబు, గాలిలో పెట్రోలు కలిపే కార్బొరేటర్, అంతే. అక్కడ వదిలేస్తే మాత్రం రోగం ఇంజిన్ దాకా పాకుతుంది.

మొదట రబ్బరు. పాత పెట్రోలు ట్యూబు ఇథనాల్‌లో నాని ఉబ్బుతుంది, ఆరాక గట్టిపడుతుంది. వేలికి చుట్టి చూడండి, సన్న పగుళ్లు కనిపిస్తే ఆ రోజే మార్చాలి. మామూలు నల్ల ట్యూబు మళ్లీ వేస్తే మళ్లీ అదే కథ. ఇథనాల్‌ను తట్టుకునే వైటాన్ రబ్బరు ట్యూబు అడిగి తీసుకోండి, కార్బొరేటర్‌లోకి పెట్రోలును ఆపి వదిలే ఫ్లోట్ నీడిల్ కొన కూడా వైటాన్‌దే ఉండాలి. పాత షెడ్లలో గ్యాస్కెట్లకు, కాక్ మరలకు లక్క పూసే అలవాటుంది. లక్క స్పిరిట్‌లో, అంటే ఇథనాల్‌లో, కరుగుతుందని తలుపులకు పాలిష్ కొట్టే వడ్రంగిని అడిగినా చెబుతాడు. ఏళ్లుగా కారని కాక్ ఇప్పుడు హఠాత్తుగా చెమర్చడానికి ఒక్కోసారి కారణం అదే. ట్యాంకు లోపల ఎప్పుడో పూయించిన ఎపాక్సీ పూత కూడా మెత్తబడి పొరలుగా ఊడుతుంది. ఊడిన ముక్క తిన్నగా వచ్చి జెట్‌లో, అంటే కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రంలో, కూర్చుంటుంది.

ఇక జెట్ సంగతి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. 20 శాతం కలిపితే లెక్క 13.5 దగ్గరికి వస్తుంది. అంటే అంతే గాలికి సుమారు 9 శాతం ఎక్కువ ఇంధనం పడాలి. కొత్త బండ్లలో కంప్యూటరు ఆ తేడా చూసుకుంటుంది. పాత బండ్ల మిక్‌కార్బ్ కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు, మనమే చెప్పాలి. జెట్‌లో ఆడే నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి దింపండి, నీడిల్ పైకి లేచి పెట్రోలు ఎక్కువ పడుతుంది. మెయిన్ జెట్ మీద 90 అని ఉంటే 95 వేసి చూడండి. స్లో (ఐడ్లింగ్) నిలబడకపోతే ఎయిర్ స్క్రూను పావు చుట్టు లోపలికి తిప్పండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద ఒక కిలోమీటరు బాగా లాగించి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపి, ప్లగ్గు విప్పి చూడాలి. లేత ఇటుక రంగు ఉంటే సరే. సున్నంలా తెల్లగా ఉంటే బండి పెట్రోలు చాలక ఇంకా ఆకలితోనే నడుస్తోందన్న మాట. అప్పుడు ఇంజిన్ హెడ్ వేడెక్కుతుంది, వాల్వులు కాలతాయి. ఇగ్నిషన్ పాయింట్ల గ్యాపు, టైమింగ్ ముందే సరిచూసుకోకుండా జెట్ మీద పడితే ఏది తప్పో తేలదు.

అసలు భయపడాల్సింది టూ స్ట్రోక్ బండ్లవాళ్లు, అందులోనూ ట్యాంకులోనే ఆయిల్ కలిపే జావా, యెజ్డీ, రాజ్‌దూత్ యజమానులు. ఇథనాల్ నీళ్లను పీల్చుకుంటుంది. కొద్దిపాటి నీళ్లు దానిలో కరిగి పెట్రోలుతోపాటే ఇంజిన్‌లోకి వెళ్లి ఆవిరైపోతాయి. వానలో ట్యాంకు మూత వాషరు గుండా దిగిన నీళ్లు మోతాదు మించితే ఇథనాల్, నీళ్లూ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. మీరు లీటరుకు 30-40 మి.లీ. చొప్పున కలిపిన టూ-టీ ఆయిల్ మాత్రం పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. కాక్ లాగేది అడుగునుంచే! పిస్టన్‌కు ఆయిల్ చుక్క అందదు, బోరు పట్టేస్తుంది. మెకానిక్ విప్పి చూసి “ఆయిల్ తక్కువ కలిపారు” అంటాడు. ఆయిల్ పంపు విడిగా ఉన్న ఆర్ఎక్స్ 100కు ఈ గండం లేదు, ఆయిల్ వేరే దారిలో వస్తుంది కాబట్టి. అయితే జెట్ మాట దానికీ వర్తిస్తుంది. అలా విడిపోయిన పెట్రోలును ఏ సీసాలోని మందూ తిరిగి కలపలేదు. ఒంపేసి కడగడమే.

రెండు మూడు వారాలు బండి తీయకపోతే కాక్ మూసి, ఇంజిన్ తానంతట తాను ఆగేదాకా నడవనివ్వండి. ఆపై ఫ్లోట్ బౌల్‌లో (కార్బొరేటర్ అడుగు గిన్నె) మిగిలింది కూడా వంపేయాలి. వదిలేస్తే లోపల తెల్లటి పొడి కట్టి స్లోకు పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్ మూసుకుపోతుంది. దాన్ని గుండుసూదితో పొడవద్దు, రంధ్రం పెద్దదైతే జెట్ పారేయాల్సిందే. కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు, గాలి చాలు. నెలల తరబడి నిలిపే బండికి ట్యాంకు ఖాళీ చేసి, ఆరబెట్టి, కాస్త ఇంజిన్ ఆయిల్ లోపల అంతటా తిరిగేలా ఊపి ఉంచాలి.

పాత అంబాసిడర్‌లో చూడాల్సింది ఫ్యూయల్ పంపులోని డయాఫ్రం అనే పలుచని పొర. అది చిరిగితే పెట్రోలు ఇంజిన్ ఆయిల్ ఉండే సంపులోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగి, వాసన కొడితే స్టార్ట్ చేయకండి. వేసవిలో పెట్రోలు ఆవిరై దారికి అడ్డుపడి బండి ఆగిపోతే పంపు మీద తడిగుడ్డ వేసే పాత చిట్కా ఇప్పుడూ పనిచేస్తుంది.

ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. కనీసం ప్రతి పంపు మీదా శాతం ఎంతో కళ్లకు కనపడేలా తెలుగులో రాయించమని చమురు సంస్థలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అది జరిగేదాకా పరీక్ష మన చేతిలోనే ఉంది. 100 మి.లీ. కొలజాడీలో 10 మి.లీ. నీళ్లు, తేడా తెలియడానికి ఒక చుక్క సిరా, పైన 90 మి.లీ. పెట్రోలు పోసి మూతపెట్టి ఊపి, పది నిమిషాలు ఆగండి. అడుగు పొర 10 నుంచి 28 దగ్గరికి పెరిగితే 18 మి.లీ. ఇథనాల్ ఉన్నట్టు, అంటే 20 శాతం. ఈ పని ఆరుబయట చేయండి, బీడీ వెలిగించే మనిషిని దూరంగా ఉంచి.

ఇట్లు,
పాత బండ్ల అభిమాని,
కాకినాడ