కరెంటు పోయినా ప్రెషర్ పోదు

సంపాదకులకు నమస్కారం.

నేను విజయవాడలో 26 ఏళ్లుగా రంగుల పని చేయిస్తున్న మేస్త్రిని. సంక్రాంతి దగ్గర పడింది కదా, ఈ నెల రోజులూ మాకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. ఒకప్పుడు పది మంది బ్రష్షులూ రోలర్లూ పట్టుకుని వారం రోజులు చేసే పనిని ఇప్పుడు ఇద్దరు కుర్రాళ్లు స్ప్రే మెషీన్ పెట్టి రెండు రోజుల్లో దించేస్తున్నారు. కొనలేనివాళ్లకు రోజు అద్దెకిచ్చే కొట్లు కూడా వచ్చాయి. మెషీన్ ఎలా స్టార్ట్ చెయ్యాలో కొట్టువాడు చూపిస్తాడు. ఎలా ఆపాలో ఎవరూ చూపించరు. ఈ ఉత్తరం దాని గురించే.

పోయిన ఏడాది గొల్లపూడి దగ్గర ఒక బిల్డింగులో కింద షాపుల షట్టర్లకు ఎనామిల్ కొడుతున్నాం. గన్ను పట్టుకున్నది మా బావమరిది కొడుకు, 22 ఏళ్లవాడు. పదకొండు గంటలకు కరెంటు పోయింది, మోటారు ఆగింది. ఎలాగూ ఆగింది కదా, ఈలోపు టిప్ (గన్ను మూతికి ఉండే ముక్కు) శుభ్రం చేద్దామనుకున్నాడు. ఎడమ చూపుడు వేలితో టిప్ మీద పేరుకున్న రంగు తుడుస్తుంటే కుడి చెయ్యి ట్రిగ్గర్ మీద పడింది. 'చస్' మని చిన్న చప్పుడు. వేలి కొసన చీమ కుట్టినంత చుక్క. రక్తం కూడా సరిగ్గా రాలేదు. "ఏం కాలేదు మావయ్యా" అని థిన్నరుతో వేలు తుడుచుకుని, టేపు చుట్టుకుని, కరెంటు రాగానే మళ్లీ పనిలో పడ్డాడు. నేనూ సరేలే అనుకున్నాను.

ఇక్కడ మెషీన్ గురించి కొంచెం చెప్పాలి. మేము పని నేర్చుకున్న రోజుల్లో ఫర్నిచర్ పాలిష్‌కు వాడే కంప్రెషర్ గన్ను ఉండేది. అది గాలితో రంగును ఊదుతుంది. సరిగ్గా వస్తోందో లేదో అరచేతి మీద కొట్టి చూసుకునేవాళ్లం. ఆ అలవాటు చేతుల్లోనే ఉండిపోయింది. ఇప్పటి ఎయిర్‌లెస్ మెషీన్‌లో గాలి ఉండదు. పంపు రంగునే నొక్కి పైపులోకి తోస్తుంది. కారు టైరుకు మనం 30, 35 పాయింట్లు గాలి కొట్టిస్తాం. ఈ మెషీన్ 3000 దాకా వెళ్తుంది, అంటే వంద రెట్లకు దగ్గర. ఆ ఒత్తిడంతా బయటికొచ్చే దారి టిప్‌లోని రంధ్రం. ఎనామిల్‌కు మేము పెట్టింది 313 టిప్. చివరి రెండు అంకెలూ రంధ్రం సైజు, అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 13. మిల్లీమీటరులో మూడో వంతు. అందులోంచి వచ్చే రంగు ఇంజక్షన్ సూదిలా చర్మంలోకి దిగిపోతుంది. రబ్బరు గ్లవుజు తొడుక్కున్నా ఆగదు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది గానీ, 50 అడుగుల పైపులో నిండిన ప్రెషర్ ఎక్కడికి పోతుంది? ట్రిగ్గర్ నొక్కేవాడి కోసం అక్కడే కూర్చుని ఉంటుంది.

భోజనాల వేళకు వాడి వేలు బిగుసుకుపోయింది. మూడింటికి వీధి చివర ఆర్ఎంపీ దగ్గరికి పంపిస్తే టీటీ ఇంజక్షన్, నొప్పి మాత్రలు ఇచ్చాడు. చీకటి పడేసరికి అరచెయ్యి వాచి, వేలు చల్లబడి తెల్లగా అయిపోయింది. రాత్రి తొమ్మిదిన్నరకు పెద్దాసుపత్రికి తీసుకెళ్తే డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మేకు గుచ్చుకుందేమో అనుకున్నాడు. నాకూ సరిగ్గా చెప్పడం రాలేదు. స్ప్రే గన్ను తగిలిందంటే గన్ను మీద పడి దెబ్బ తగిలిందనుకున్నారు. తెల్లారి సర్జన్ వచ్చి వేలు కోసి చూస్తే, వేలిని వంచే తాళ్లలాంటి టెండన్ల వెంబడి బూడిద రంగు ఎనామిల్ అరచేతి మధ్యదాకా పాకి ఉంది. రెండుసార్లు కడిగారు. తొమ్మిదో రోజున రెండు కణుపులు తీసేశారు.

ఆ సర్జన్ చెప్పిన మాటలు మీ పత్రిక ద్వారా నలుగురికీ చేరితే చాలు. గాయం ఎంత చిన్నదిగా కనిపించినా, నొప్పి లేకపోయినా వెంటనే ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. ఆరు గంటలు దాటితే వేలు దక్కడం కష్టమవుతుంది. థిన్నరు కలిసిన రంగయితే కండను లోపల్నుంచే కాల్చేస్తుంది. అలాగని నీళ్ల రంగయితే ఇంట్లో కూర్చోమని కాదు. రంగు డబ్బా, థిన్నరు సీసా వెంట పట్టుకెళ్లి డాక్టరు ముందు పెట్టాలి. "హై ప్రెషర్ మెషీన్ నుంచి రంగు వేలి లోపలికి పోయింది" అని ఇదే మాట చెప్పాలి. తెగింది, గుచ్చుకుంది అనకూడదు.

తప్పు వాడిదొక్కడిదే కాదు. గన్ను మూతికి రెండు కొమ్ముల్లా ఒక గార్డు ఉంటుంది, వేలు రంధ్రం దగ్గరికి పోకుండా. దాని మీద రంగు పేరుకుని షట్టర్ మీద చుక్కలు పడుతున్నాయని ఆ రోజు పొద్దున దాన్ని పీకి పక్కన పెట్టింది నేనే. ఇప్పటికీ వాడికి ఈ మాట నేరుగా చెప్పలేకపోయాను.

ఆపడం ఎలాగో ఇప్పుడు మా కుర్రాళ్లకు వంద సార్లు చేయిస్తున్నాను. స్విచ్ ఆపు, ప్లగ్గు తియ్యి. ప్రెషర్ నాబ్ సున్నాకు తిప్పు. ప్రైమ్ వాల్వ్ (పంపులోని రంగును తిరిగి డబ్బాలోకి వదిలే మర) కిందికి తిప్పు. గన్ను ఇనప బకెట్‌కు ఆనించి, లోపలికి ట్రిగ్గర్ నొక్కి మిగిలింది కక్కించు. తర్వాత ట్రిగ్గర్ లాక్ వెయ్యి. అప్పుడు గానీ టిప్ మీద చెయ్యి వెయ్యకూడదు. కరెంటు పోయినా ఇదే, టీ తాగడానికి వెళ్లినా ఇదే. స్విచ్ ఆపకుండా వదిలేస్తే కరెంటు వచ్చినప్పుడు మోటారు దానంతటదే తిరుగుతుంది. టిప్ అడ్డుపడితే సూదితో పొడవక్కర్లేదు. లాక్ వేసి టిప్‌ను సగం చుట్టు వెనక్కి తిప్పి, లాక్ తీసి బకెట్లోకి ఒకసారి కొడితే అడ్డుపడ్డది బయటికొస్తుంది. పైపు లీకవుతుంటే చేత్తో తడమొద్దు. సైకిల్ ట్యూబు ముక్క చుట్టడాలు ఈ మెషీన్ దగ్గర పనికిరావు, పైపు మార్చాల్సిందే.

ఇంకో అలవాటు గురించి కూడా. సైట్లలో ప్లగ్గు ఉండదు, రెండు వైర్లు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు దోపుతారు. ఎర్త్ వైరు గాలిలో వేలాడుతుంటుంది. మూసిన గదిలో థిన్నరు వాసన కమ్మి ఉండగా ఒక్క నిప్పురవ్వ చాలు. బీడీ అయితే మరీ ఘోరం.

1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం పట్టికలో చూపుడు వేలికి రెండు కణుపులు పోతే సంపాదన శక్తి 11 శాతం తగ్గినట్టు లెక్క ఉండేది. వేలు మొత్తం పోతే 14 శాతం. ఆ లెక్క కట్టినవాళ్లు ఎడమ చేత్తో లప్పం రేకు పట్టుకుని నిచ్చెనెక్కి ఉండరు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. అద్దెకిచ్చే ప్రతి కొట్టూ గార్డు, లాక్ సరిగ్గా ఉన్న మెషీనే ఇవ్వాలి. ఆపే పద్ధతి ఐదు నిమిషాలు చేసి చూపించి, తెలుగులో ఒక కాగితం చేతిలో పెట్టాలి. కార్మిక శాఖవాళ్లు ఎప్పుడైనా సైట్ల మీదికి వస్తే హెల్మెట్లతో పాటు ఇదీ చూడాలి. క్యాజువాలిటీ డాక్టర్లకు ఈ గాయం సంగతి ఎవరైనా పెద్దవాళ్లు గుర్తుచేస్తే మేలు.

ఆ కాగితం నేనే రాసి, ఇరవై జిరాక్సులు తీయించి, మేము మెషీన్లు తెచ్చుకునే కొట్టులో ఇచ్చాను. ఓనరు మంచివాడే, ఒకటి గోడకు అంటించాడు కూడా. మొన్న వెళ్తే కనిపించలేదు. అడిగితే, కొత్త సంవత్సరం క్యాలెండర్ కింద ఉందన్నాడు, ఎత్తితే కనపడుతుందట.

ఇట్లు,
ఒక పెయింటింగ్ మేస్త్రి,
భవానీపురం, విజయవాడ