ఒరేయ్ మామా, మొన్న చూసిన సినిమా సంగతి

ఒరేయ్ మామా,

తిట్టుకోకురా, రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఇన్నాళ్ళయిపోయింది. ఇక్కడంతా బానే ఉంది, ఉద్యోగం ఉంది, చలి ఉంది, అమ్మ మోకాలు కాస్త నయం, నాన్న మామూలే. సరే అవన్నీ ఫోన్లో.

అసలు సంగతేంటంటే, మొన్న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఓ చిన్న హాల్లో డాక్యుమెంటరీ వేస్తుంటే ఆఫీసు వాళ్ళు లాక్కెళ్ళారు. నాజీల టైంలో పిచ్చాసుపత్రుల్లో ఉన్నోళ్ళని, మూర్ఛ ఉన్నోళ్ళని, బుద్ధి ఎదగని పిల్లల్ని చంపేసిన కథ. యూదుల సంగతి మనకి తెలుసు కదా, కానీ గ్యాస్ గది ముందు ఈ రోగుల మీదే వాడారని, ఈ పని చేసిన స్టాఫే తర్వాత యూదుల్ని చంపిన ట్రెబ్లింకా, సోబిబోర్ క్యాంపులకి వెళ్ళారని నాకు నిజంగా తెలీదు రా. బెర్లిన్‌లో టియర్‌గార్టెన్ వీధి 4వ నంబర్లో దీన్నంతా నడిపిన ఆఫీసు. ఆస్పత్రుల నుంచి ఫారాలు తెప్పించేవాళ్ళు, డాక్టర్లు పేషంట్ మొహమైనా చూడకుండా ఎర్ర ప్లస్ పెడితే చావు, నీలం మైనస్ పెడితే బతుకు. 1940 జనవరి నుంచి 1941 ఆగస్టు దాకా వాళ్ళ లెక్కల్లోనే 70,273 మంది. ఇంకా విను, నువ్వు ఆడిట్ వాడివి కదా, వీళ్ళంతా పోయినందువల్ల పదేళ్ళలో ఎంత బంగాళాదుంప మిగుల్తుంది, ఎంత జామ్ మిగుల్తుంది అని కూడా పద్దు రాసి పెట్టారు. జామ్ రా!

ఇక్కణ్ణుంచి దూరం కాదు, హడామార్ అని ఊరు. అక్కడి ఆస్పత్రికి రోగుల్ని చంపడానికి కిటికీలు మూసిన బస్సుల్లో తెచ్చేవాళ్ళు. రహస్యం అంటారు గానీ ఏం రహస్యం, 1941లో లింబుర్గ్ బిషప్ మంత్రికి రాసిన ఉత్తరంలో ఉంది, ఆ బస్సు కనపడితే బడిపిల్లలు "అదిగో చంపుడు పెట్టె వచ్చింది" అనేవాళ్ళట, కొట్టుకుంటే "నీకు పిచ్చి, నిన్ను హడామార్ పొయ్యిలో వేస్తారు" అని తిట్టుకునేవాళ్ళట. పిల్లలకే తెలిస్తే పెద్దాళ్ళకి తెలీదా?

నన్ను పట్టేసింది మాత్రం కెమెరా. అప్పట్లో నాజీలు ఈ ఆస్పత్రుల్లోకి కెమెరా తీసుకెళ్ళారు. లైటు కింద నుంచి కొట్టి, మొహాలు భయంకరంగా కనపడేలా తీసి, వీళ్ళకెంత ఖర్చవుతోందో పక్కన చెప్పి, 1937లో అలాంటి సినిమా ఒకటి దేశంలో ఉన్న హాళ్ళన్నిట్లో వేయించారు. ఈ డాక్యుమెంటరీ వాళ్ళు ఆ పాత రీలు ముక్కలే వాడారు, కానీ వ్యాఖ్యానం తీసేసి, ఊరికే, సౌండ్ లేకుండా. ఒకమ్మాయి కెమెరా చూసి నవ్వుతుంది, జడ సర్దుకుంటుంది. అంతేరా, ఫొటో తీస్తున్నారని సర్దుకుంది. నేను అక్కడ ఆగిపోయా.

తర్వాత ఇంకో క్లిప్. 2017 జనవరి 27న జర్మన్ పార్లమెంటులో సెబాస్టియన్ ఉర్బాన్‌స్కి అనే నటుడు, డౌన్ సిండ్రోమ్ ఉంది ఆయనకి, నిలబడి ఓ ఉత్తరం చదివాడు. ఎర్న్‌స్ట్ పుట్స్కి అనే రోగి 1943లో వాళ్ళమ్మకి రాసింది. మమ్మల్ని ఇక్కడికి మార్చింది బాంబుల భయంతో కాదమ్మా, ఎవరి కంటా పడకుండా ఆకలికి మాడ్చి చంపడానికి, అని ఉంటుంది అందులో. ఆ ఉత్తరం ఆస్పత్రి ఫైల్లోనే ఉండిపోయింది. 1945 జనవరిలో ఆయన హడామార్‌లో పోయాడు. అంటే 1941లో బిషప్పులు గొడవ చేశాక గ్యాస్ ఆపారు గానీ చంపడం ఆపలేదన్నమాట, మందులు, ఆకలి, అంతే తేడా. ఉర్బాన్‌స్కి చదువుతుంటే సభంతా... ఏమోరా, చెప్పడం రావట్లేదు.

సినిమా అయ్యాక ఒకాయన లేచి, చనిపోయినవాళ్ళ పూర్తి పేర్లు వేయడం తప్పు, కుటుంబాలకి ఇబ్బంది అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ జరిగింది అదే కదా, మొదటి పేరు రాసి ఇంటిపేరుకి ఒక్క అక్షరం. 2018లో గానీ ప్రభుత్వ ఆర్కైవ్ పేర్లు బయట పెట్టలేదు. ఇబ్బంది ఎక్కణ్ణుంచి వచ్చిందో మనకి ఒకళ్ళు చెప్పాలా? 1933 చట్టంతో వంశపారంపర్య జబ్బని ముద్ర వేసి దాదాపు 4 లక్షల మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. ఇంట్లో ఒకరికి ఉందని తెలిస్తే మిగతావాళ్ళకి సంబంధాలు రావని నోరు మూసుకున్నారు జనం. సంబంధాలు రావని, రా!

మీ అన్నయ్య పెళ్ళిలో వీడియో అతను వచ్చినప్పుడల్లా బుజ్జక్కని వెనక గదిలోకి పంపేవాళ్ళు గుర్తుందా? నువ్వు విసుక్కుని వెళ్ళి ఆమె పక్కన కూర్చుని లడ్డూలు తిన్నావ్, ఫొటోల్లో నువ్వూ లేవు. మీ వాళ్ళని అనట్లేదు, వాళ్ళు ఆమెని ఎంత బాగా చూసుకుంటారో నాకు తెలుసు, కానీ ఆ అమ్మాయి జడ సర్దుకోవడం చూశాక నాకు అదే... ఒక పని చెయ్, ఈసారి ఇంటికెళ్ళినప్పుడు బుజ్జక్కకి ఆ పచ్చ లంగా ఓణీ కట్టించి మంచి ఫొటో ఒకటి తీసి పంపు, నవ్వమని చెప్పక్కర్లేదు, ఆమె ఎలాగూ

ట్రైన్ వచ్చేసింది, ఉంటా