ఆగస్టు వార్తాలేఖ: మన గోడ మీద నాచు సంగతి

పేరెంట్స్ అందరికీ నమస్తే అండి,

వానలు మొదలయ్యాక బడి వెనక ప్రహరీ గోడ మొత్తం పచ్చగా అయిపోయింది, కొంతమంది "మేడం కడిగించి సున్నం కొట్టించండి" అన్నారు. మెట్ల దగ్గర కాలు జారే పాచి కడిగించేశాం, అది వేరు. గోడ మీద మెత్తగా దుప్పటిలా పెరిగిన నాచు మాత్రం ఈ టర్మ్ అంతా ఉంటుంది, కావాలనే ఉంచమన్నాను.

ఎనిమిదో క్లాసు పిల్లలకి ఈ నెల సైన్స్ పీరియడ్‌లో అంటార్కిటికా నాచు కథ చెప్పాం. 2017 జనవరిలో మన దేశపు అంటార్కిటికా యాత్రకి వెళ్లిన ప్రొఫెసర్ ఫెలిక్స్ బాస్ట్ (బఠిండాలోని పంజాబ్ సెంట్రల్ యూనివర్సిటీ) అక్కడి మన పరిశోధన కేంద్రం భారతి స్టేషన్ దగ్గర సముద్రం ఒడ్డు రాళ్ల మీద ముదురు ఆకుపచ్చ నాచు చూశారు, అదేంటో ఆయనకీ అంతుపట్టలేదు. శాంపిల్స్ తెచ్చి, డీఎన్ఏ తీసి, ఆకారాన్నీ డీఎన్ఏనీ ఇప్పటికే తెలిసిన నాచులతో పోల్చి చూసి, ఇది కొత్తదే అని 2021లో చెప్పారు. అంటే నాలుగేళ్లు దాటింది! స్టేషన్ పేరు మీదే దానికి బ్రయమ్ భారతియెన్సిస్ అని పెట్టారు. అంటార్కిటికాలో మంచు లేని నేల నూటికి ఒక వంతు కూడా ఉండదు, అలాంటిచోట దీనికి ఎరువు ఎక్కడిదీ అంటే పెంగ్విన్ల రెట్ట, అందులో నైట్రోజన్ ఉంటుంది కదా. ఈ ముక్క చెప్పగానే క్లాసంతా ఒకటే నవ్వు, ఆ తర్వాత పీరియడ్ నడపడం టీచర్‌కి కష్టమైందట. చలికాలమంతా మంచు కింద ఎండిపోయి పడి ఉంటుంది, మళ్లీ సెప్టెంబర్‌లో ఎండ తగిలి మంచు కరిగితే ఆ నీళ్లు పీల్చుకుని లేస్తుంది. నాచుకి అసలైన వేళ్లు ఉండవు, పువ్వులూ గింజలూ ఉండవు, ఆకు చాలావరకు ఒక్క కణం మందమే, అందుకే నీళ్లు ఆకుతోనే తాగేస్తుంది. మన గోడ మీది నాచు కూడా ఎండాకాలం గోధుమరంగు పొట్టులా ఉండి మొదటి వానకే పచ్చబడేది ఇలాగే.

పిల్లలకి నేను చూపించాలనుకున్నది కొత్తది దొరకడం కాదు, ఆ తర్వాత పని. ఆకు అంచు ఎలా ఉంది, మధ్య ఈనె కొస దాకా వెళ్లిందా ముందే ఆగిందా, స్పోర్స్ (గింజలకి బదులు కొత్త నాచు మొలిచే సన్నని పొడి) ఉండే చిన్న బుడిపె నిలబడి ఉందా వంగి ఉందా, ఇవన్నీ లెన్స్ పెట్టి చూసి రాయాలి. కొత్త జాతి అయితే ఇంకా ఎక్కువ పని, పాత వాటితో తేడా ఏంటో రాయాలి, ఎండబెట్టిన నమూనా ఒకటి హెర్బేరియంలో (ఎండిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోటు) దాచాలి, పేరుతో సహా అచ్చులో రావాలి. ఆ వివరణ ఒకప్పుడు లాటిన్‌లోనే ఉండాలి, 2012 నుంచి ఇంగ్లీషులో రాసినా ఒప్పుకుంటున్నారు.

సో ఈసారి ప్రాజెక్ట్ ఇదే, గోడ మీద ఒక నాచు కుదురు ఎంచుకుని, చూసింది చూసినట్టు బొమ్మ వేసి సొంత మాటల్లో రాయడం. దయచేసి మీరు రాసిపెట్టకండి అండి! రాత్రి పదకొండింటికి నెట్‌లో దింపేసి కలర్ ప్రింట్ తీసి పంపినవి చూడగానే తెలిసిపోతాయి, బొమ్మ వంకరగా ఉన్నా పర్లేదు, అక్షరదోషాలున్నా మార్కులు తగ్గించం.

ఒక సాయం కావాలి. నాచుని ప్లాస్టిక్ కవర్లో పెడితే బూజు పడుతుంది, కాగితం కవర్లోనే ఆరబెట్టి దాచాలి. ఇంట్లో పాత శుభలేఖల కవర్లు ఉంటే పిల్లలతో పంపండి, లోపలి కార్డులు అక్కర్లేదు. ప్రతి కవర్ మీద ఎక్కడ దొరికింది, ఏ రోజు, రాయి మీదా ఇటుక మీదా చెట్టు బెరడు మీదా అన్నది పిల్లలే రాస్తారు. గోడ మొత్తం గీకేయకుండా గోరంత ముక్క చాలని చెప్పాం, ఇంటి దగ్గర మీరూ ఒకసారి చెప్పండి.

యూనిట్ టెస్ట్ టైంటేబుల్ డైరీలో అతికించాం, చూసి సంతకం పెట్టండి.

ఇట్లు,
మీ హెడ్మిస్ట్రెస్